బదులు చిత్తడిలో పదో గూడు

ఆ రోజు బున్‌తిక్ పెట్టుకున్న పని ఒక్కటే. ఇరవై రెండు వెదురు కర్రలు నరకాలి, కొసలకు పసుపు రిబ్బను కట్టాలి, తూర్పుగట్టు వెంట వరసగా పాతాలి. ఎనిమిదింటికల్లా అయిపోతుందని అనుకున్నాడు. తైపే నుంచి తనిఖీ సంఘం పది గంటలకు వస్తుంది. మధ్యలో మిగిలే రెండు గంటల్లో గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గట్టు మీద నిలబడవచ్చు.

బున్‌తిక్‌కు యాభై ఎనిమిదేళ్ళు. ఆరేళ్ళ కిందటి వరకూ సింగాడా రైతు. ఎద్దు కొమ్ముల్లాంటి రెండు కొమ్ములుండే ఆ నల్ల కాయలు పండే చెరువు అతనికి ఒకటి ఉండేది. తైనాన్ వైపు వేసిన కొత్త రైలు మార్గం కింద అది పోయింది. ఇప్పుడు అక్కడ 214వ నంబరు స్తంభం ఉంది. అతని చెరువుతో పాటు పదిహేను హెక్టార్ల చిత్తడి నేల పూడిపోయింది. ఆ చిత్తడిలో తామరకోళ్ళు గుడ్లు పెట్టేవి. పూడ్చినదానికి బదులు అంతే చిత్తడిని ఇంకోచోట తయారుచేయాలనీ, ఆ పక్షులు అక్కడ కుదురుకునేదాకా చూసుకోవాలనీ ప్రభుత్వం రైలు సంస్థకు షరతు పెట్టింది. సంస్థ ఒక చెరకు తోటను కౌలుకు తీసుకుని, తవ్వించి, నీళ్ళు పెట్టింది. ఊరివాళ్ళు దాన్ని బదులు చిత్తడి అంటారు. దానికి కాపలాదారు బున్‌తిక్.

షరతులో ఒక అంకె ఉంది. ఐదో ఏటి తనిఖీనాడు హద్దు లోపల పది గూళ్ళు కనపడాలి. పది ఉంటే కౌలు ఇంకో ఇరవై ఏళ్ళు సాగుతుంది. తొమ్మిదైతే చోటు పనికిరాలేదని రాసి, నీళ్ళు తోడించి, నేలను యజమానికి అప్పగిస్తారు. యజమాని అప్పుడే ఫ్యాన్ల గోదాముకు ప్లాను గీయించుకున్నాడు.

బదులు చిత్తడిలో తొమ్మిది గూళ్ళున్నాయి. పదోది కూడా ఉంది, అయితే హద్దుకు అవతల ఉంది.

తామరకోళ్ళలో గుడ్లు పెట్టడంతో ఆడదాని పని అయిపోతుంది. అది ఇంకో మగపక్షిని చూసుకుని వెళ్ళిపోతుంది. పొదగడం, పిల్లల్ని పెంచడం మగదాని వంతు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ ఊళ్ళో ఆడవాళ్ళు బదులు చిత్తడిని ఒక్క మాట అననివ్వరు. పదో మగపక్షి తూర్పుగట్టు దాటి, పక్క సింగాడా చెరువులో తేలే ఆకుల మీద గూడు కట్టుకుంది. పది రోజులుగా నాలుగు గుడ్ల మీద కూర్చుంది. వారం కిందటి తుపానుకు గట్టు ఒకచోట మీటరున్నర మేర తెగింది, హద్దు కర్రలన్నీ కొట్టుకుపోయాయి. తెగినచోట అటు ఆకులూ ఇటు ఆకులూ కలిసిపోయాయి. అక్కడి నుంచి గూటికి మూడు మీటర్లు.

బున్‌తిక్ రోజూ పొద్దున గట్టు మీద గొంతుక్కూర్చుని దానికి నచ్చజెప్పాడు.

"ఇక్కడ నీకేం తక్కువ చేశాన్రా? అవే నీళ్ళు, అవే ఆకులు. మూడు మీటర్లు. మూడంటే మూడు."

పక్షి వినలేదు. గూడును చేత్తో ముట్టుకోకూడదన్నది మొదటి నియమం. చెరువు మూలను సొంతదారు దగ్గర కౌలుకు రాయించుకోవచ్చు. ఆ సొంతదారు ఆహియో. బున్‌తిక్ అన్న భార్య. అన్న పోయి ఏడేళ్ళయింది. ఆవిడ మరిదితో మాట్లాడి మూడేళ్ళయింది. గట్టు దగ్గర ఆవిడ పక్షులకు చేటుచేసే నత్తల మందు చల్లుతోందని బున్‌తిక్ ఆఫీసుకు చెప్పాడు. ఆఫీసువాళ్ళు వ్యానులో వచ్చి, ఊరందరి ముందూ ఆవిడకు కాగితం చదివి వినిపించారు. ఆ మర్నాటి నుంచి ఆవిడ గట్టు మీద బున్‌తిక్ ఎదురైతే కొంగలతో మాట్లాడేది.

పొద్దున ఐదున్నరకు బున్‌తిక్ ఇంటి వెనక పొదలో కర్రలు నరికి, మోపు కట్టి, స్కూటరు మీద తెచ్చి తూర్పుగట్టు మీద పడేశాడు. అప్పుడు చూసుకుంటే రిబ్బను చుట్ట ఇంట్లోనే ఉంది. వెళ్ళి, వెతికి తెచ్చేసరికి గంట పట్టింది. గట్టు మీద మోపు కట్టిన తాడు ఉంది, కర్రలు లేవు.

కర్రలు ఆహియో చెరువు చుట్టూ ఉన్నాయి. ఇరవై రెండూ నిటారుగా నిలబడి ఉన్నాయి. ప్రతి కర్ర కొసనూ చీల్చి, బంగారు పూత కాగితం మడిచి పెట్టి ఉంది. పక్కన ఒక్కో అగరుబత్తి వెలుగుతోంది.

మర్నాడు ఎనిమిదో నెల పున్నమి పండగ. పండగ ముందురోజు ఆ ఊరివాళ్ళు చెరువు గట్ల మీద పొలం తాతకు చేతికర్రలు నాటుతారు. పొలం తాత ముసలి దేవుడు. గట్లెంట తిరిగి పంట చూసుకోవాలంటే కర్ర ఉండాలి. పండగనాడే నాటొచ్చు, కానీ ఆ రోజు ఎవరికీ తీరదు. ఊరంతా వాకిట్లో కుంపట్లు పెట్టుకుని మాంసం కాలుస్తూ ఉంటుంది. చెరువుకు నాలుగు మూలలా నాలుగు కర్రలు చాలు. ఆహియో ఇరవై రెండూ నాటింది.

"వచ్చావా మరిదీ!" ఆవిడ గట్టు దిగి ఎదురొచ్చింది. "మీ అన్న ఉన్నన్నాళ్ళూ ఈ కర్రలు ఆయనే నరికిపెట్టేవాడు. ఆయన పోయాక చీపురు కర్రలతో కానిస్తున్నా. పొలం తాత చీపురు పట్టుకుని తిరుగుతున్నాడేమోనని ఏడాదంతా బెంగే నాకు. నువ్వు పొద్దున్నే తెచ్చి నా గట్టు పక్కన పెట్టి, మొహం చూపించకుండా పోయావు. అచ్చం మీ అన్నవే."

బున్‌తిక్ చేతిలో రిబ్బను చుట్ట ఉంది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"అవును వదినా," అన్నాడు.

"ఇరవై రెండెందుకురా?"

"ఈసారి తుపానొచ్చింది కదా. ఎక్కువ తిరగాలి ఆయన."

ఆహియో కళ్ళు తుడుచుకుంది. నాటిన చేతికర్రను పీకడమంటే ముసలివాడి చేతిలో కర్ర లాక్కోవడమే. ఆ ఊళ్ళో ఆ పని చేసినవాడు లేడు. ఇంకో ఇరవై రెండు నరకడానికి టైముందని బున్‌తిక్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఈలోగా ఆవిడ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"పాలచేప గంజి కాచాను. రెండు గిన్నెలు తాగి పో."

మూడేళ్ళ తరవాత పిలిచిన మనిషిని పని ఉందని చెప్పి కాదనడం అతనికి చేతకాలేదు. రెండు గిన్నెలూ అయ్యాక మూడోది పోసింది. ఆ వంటింట్లో వద్దు అన్న మాట ఇంతవరకూ పనిచేయలేదు.

అతను మూడో గిన్నెలో ఉండగా రైలు సంస్థ ఇంజనీరు జెంగ్ తూర్పుగట్టు మీద తిరుగుతున్నాడు. జెంగ్‌కు ఇరవై ఏడేళ్ళు. తైపేలో పదకొండో అంతస్తులో పెరిగాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. సంఘం వచ్చేలోగా హద్దును ఒకసారి కొలిచి సిద్ధంగా ఉందామని గంటన్నర ముందే వచ్చాడు. అతని దగ్గరున్న కాగితంలో హద్దు గుర్తు ఇలా ఉంది: వెదురు కర్ర, కొసన పసుపు. అతను ప్రతి కర్ర దగ్గరా ఆగి, ట్యాబులో ఒక చుక్క పెట్టాడు. ఆఖరి చుక్క పెట్టాక ట్యాబు విస్తీర్ణం చూపించింది. పదిహేను ఉండాల్సిన చోట పదహారుంబావు. జెంగ్ నీళ్ళలోకి చూశాడు. ఆకుల మీద ఒక పక్షి కూర్చుని ఉంది.

ఐదు నిమిషాల తరవాత అతను ఆహియో గుమ్మంలో ఉన్నాడు.

"బున్‌తిక్ గారూ! పదో గూడు దొరికింది! హద్దు లోపలే ఉంది!"

"ఏ హద్దు లోపల?" బున్‌తిక్ గిన్నె దించాడు.

"మీరు నాటించిన కర్రలండీ. అన్నీ కొలిచాను. ఒక్కో కర్రకీ దోమల బత్తి కూడా పెట్టారు, మంచి ఆలోచన."

"ఏ చెరువులో బాబూ?" అడిగింది ఆహియో.

"ఆ గట్టు అవతల చెరువమ్మా. అది కూడా మన చిత్తడిలోదే అని తేలింది. ఇక పిల్లలు పెద్దవయ్యేదాకా అందులో ఎవరూ దిగకూడదు."

"ఎల్లుండి నాకు కాయకోత. తొమ్మిదిమంది ఆడవాళ్ళని మాట్లాడుకున్నా."

"వాళ్ళకి వద్దని చెప్పెయ్యండమ్మా," అన్నాడు జెంగ్ నవ్వుతూ.

ఆహియో బున్‌తిక్ వైపు తిరిగింది. అతని చేతిలోంచి గిన్నె తీసుకుంది. అందులో ఇంకా సగం ఉంది.

"కర్రలు నువ్వే నరికావు."

"వదినా..."

"నువ్వే తెచ్చి నా గట్టు పక్కన పెట్టావు. నాటేది నేనే అని తెలుసు నీకు. నా చేతుల్తో నా చెరువుకి కంచె కట్టించావు. ముసలాయన ఎక్కువ తిరగాలన్నావు కదూ? తిరగమను. ముందు నీ ఇంటికి పంపిస్తా ఆయన్ని."

"అది కాదు వదినా, నేను రిబ్బను కోసం..."

"ఏం రిబ్బను?"

బున్‌తిక్ జేబులోంచి చుట్ట తీసి చూపించాడు. ఆవిడకు దానితో ఇంకా బలమైన సాక్ష్యం దొరికింది.

ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. బున్‌తిక్ జెంగ్ వైపు తిరిగి, అవి హద్దు కర్రలు కావని చెప్పబోయాడు. జెంగ్ అప్పటికే ఫోనులో ఉన్నాడు. సంఘం రైల్లో ఉంది. పది అన్న మాట వినగానే పెట్టెలో ఎవరో చప్పట్లు కొట్టారు. అది బున్‌తిక్‌కు కూడా వినిపించింది. అతను తెరిచిన నోరు మూశాడు. పది గూళ్ళు. ఇరవై ఏళ్ళు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కొలిచినవాడు కొలిచాడు, నాటినావిడ నాటింది. తను చేయాల్సిందల్లా మాట్లాడకపోవడమే. అది కష్టమైన పని కాదని అతను అనుకున్నాడు.

ఊరిపెద్ద థియన్‌లోక్‌కు డెబ్బై ఒకటి. ఇంట్లో మైకు ఉంది, ఊళ్ళో ఐదు లౌడ్‌స్పీకర్లున్నాయి. తప్పిపోయిన కుక్కలు, పంపరపనసల బండి, టీకాలు, అన్నీ ఆయన గొంతులోంచే ఊరికి తెలుస్తాయి. ఆహియో వచ్చి చెప్పింది ఆయన సగం విన్నాడు. మిగతా సగం మైకు స్విచ్చి వెతుక్కుంటూ విన్నాడు.

"ఊరి జనానికి విన్నపం," అన్నాయి ఐదు లౌడ్‌స్పీకర్లూ. "రైలువాళ్ళు మనిషిని పంపించారు. కర్రలు నాటి ఉన్న చెరువులన్నీ బదులు చిత్తడిలోకి రాసేసుకుంటున్నారు. కర్రలు నాటినవాళ్ళు చూసుకోండి. నాటనివాళ్ళు కూడా చూసుకోండి. పంపరపనసల బండి ఇవాళ రాదు."

ఆ పొద్దున కర్రలు నాటని ఇల్లు ఊళ్ళో లేదు.

ఊరు రెండుగా చీలింది. కాయ బాగా పట్టినవాళ్ళు కర్రలు పీకేయాలని గట్లకేసి పరిగెత్తారు. నత్తలు తినేసిన చెరువులవాళ్ళు, కౌలుకిచ్చేసి కాళ్ళు చాపుకుందామని ఏళ్ళుగా చూస్తున్నవాళ్ళు, ఇంకా కర్రలు నాటాలని పరిగెత్తారు. వెదురు అయిపోయింది. బట్టలారేసే గెడలు వచ్చాయి, చేపల గాలం కర్రలు వచ్చాయి. ఒకాయన నేల తుడిచే కర్రను తుడుపుగుడ్డతో సహా నాటి, గుడ్డ మీదే బంగారు కాగితం అతికించాడు.

పీకాలని వెళ్ళినవాళ్ళకు చేతులు రాలేదు. పొలం తాతను అడగకుండా ఆయన కర్ర ఎలా తీస్తారు? అందరూ గట్టు చివర ఉన్న ఆయన గుడి ముందు వరస కట్టారు. గుడి మోకాలెత్తు ఉంటుంది. అర్ధచంద్రాకారం చెక్క బిళ్ళలు రెండు నేల మీద వేసి అడగాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనని అర్థం. రెండూ బోర్లా పడితే కాదని. రెండూ వెల్లకిలా పడితే దేవుడు నవ్వుతున్నాడని, మళ్ళీ అడగాలని.

మొదటి మనిషి వేశాడు. దేవుడు నవ్వాడు. రెండోవాడు వేశాడు. నవ్వాడు.

"సరిగ్గా అడగండర్రా," అన్నాడు థియన్‌లోక్, చేతి మైకులో. "ఏ చెరువో, ఏ మూలో, పేరు చెప్పి అడగండి. పొలం తాతకి మీ అందరి మొహాలూ గుర్తుంటాయా?"

మూడో మనిషి తన పేరూ తండ్రి పేరూ ఇంటి నంబరూ చెప్పి వేశాడు. మళ్ళీ నవ్వే. వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వడం మొదలుపెట్టారు.

ఈ మధ్యలో జెంగ్ ఆగలేదు. కర్ర కనపడితే కొలవడం అతని పని. అతను ముందుకు పోయేకొద్దీ ఎదురుగా కొత్త కర్రలు కనపడ్డాయి. ఇరవై రెండు హెక్టార్లు, ముప్పై ఒకటి, నలభై. తుడుపు కర్ర దగ్గర మాత్రం కాసేపు ఆలోచించాడు. దానికీ పసుపు ఉంది. చుక్క పెట్టాడు.

పది గంటలకు బస్సు వచ్చింది. సంఘంలో ఐదుగురు. అధ్యక్షురాలు ప్రొఫెసర్ ఫాన్‌కు అరవై దాటాయి. గడ్డి టోపీ, మోకాలిదాకా రబ్బరు బూట్లు. జెంగ్ ట్యాబు ముందుకు చాపాడు.

"నలభై ఒక్క హెక్టార్లండీ. రైల్లో మీకు చెప్పినప్పటికి పదహారే."

"గంటలో పెరిగిందా?" ఆవిడ ట్యాబు చూడలేదు. గట్ల వెంట ఎండలో మెరుస్తున్న కాగితాలను చూస్తోంది. "బాగా సారవంతమైన నేలలాగుంది. కాపలాదారు ఎవరు?"

బదులు చిత్తడిలోకి అడుగు పెట్టకూడదని అందరికీ తెలుసు. అందుకే ఊరు ఊరంతా ఆహియో చెరువుకు అవతలి గట్టు మీద చేరింది. అరవైమంది ఉంటారు. సగంమంది చేతుల్లో ఇంకా నాటని కర్రలున్నాయి. ముందు వరసలో ఆహియో చేతులు కట్టుకుని నిలబడింది. బున్‌తిక్ తూర్పుగట్టు మీద నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు, ఇస్త్రీ చొక్కా లేదు.

"హద్దు ఎక్కడ?" అడిగింది ప్రొఫెసర్ ఫాన్.

ఇందాక కష్టం కాదనుకున్న పని కష్టమైంది. అతను ముందు నీళ్ళ మీదున్న పక్షిని చూశాడు, తరవాత వదినను చూశాడు. ఆవిడ అతనికేసి చూడటం లేదు. ఆవిడ దగ్గర్లో కొంగలు కూడా లేవు.

"నేను నిలబడ్డ గట్టేనండీ," అన్నాడు. "దీనికి అవతలిది మా వదిన చెరువు. ఆ కర్రలు పొలం తాతవి. హద్దు కోసం నరికింది నేనే. రిబ్బను మర్చిపోయి ఇంటికెళ్ళాను. ఆవిడ నేను తన కోసం తెచ్చాననుకుంది. మూడేళ్ళ తరవాత పలకరించింది. కాదనలేకపోయాను."

జెంగ్ ట్యాబు వైపు చూసుకున్నాడు.

"మరి దోమల బత్తి?" అన్నాడు.

"మా ఊళ్ళోనూ నాటేవాళ్ళు," అంది ప్రొఫెసర్ ఫాన్. "బస్సు దిగుతూనే తెలిసింది. నువ్వేం చెబుతావో విందామని అడిగాను. నిజం చెప్పావు కాబట్టి నేనూ నిజమే చెప్పాలి. అవతలి గూడు లెక్కలోకి రాదు. మీకు తొమ్మిదే ఉన్నాయి."

అవతలి గట్టు మీద నుంచి ఆహియో గొంతు వచ్చింది.

"ఒరేయ్ మరిదీ! రిబ్బను కోసమని పొద్దున్నే చెప్పి చావలేవూ?"

"చెప్పనిచ్చావా వదినా? గంజి పోస్తూనే ఉన్నావు."

"గంజి నోట్లో పోశాన్రా, నోటికి గుడ్డ కట్టలేదు! అమ్మా ప్రొఫెసరమ్మా, ఆ మూల నేనిచ్చేస్తాను. ఇప్పుడే వేలిముద్ర వేస్తా. రాసుకోండి."

"ఇవాళ రాస్తే ఇవాళ్టి తనిఖీకి చెల్లదమ్మా. పన్నెండింటిదాకా నేను ఇక్కడ ఉండాలి, ఉంటాను. అంతకన్నా ఏం చేయలేను."

"మా తామరకోళ్ళ సంగతి మీకు తెలీదు!" అంటూ థియన్‌లోక్ మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. మైకు కీచుమంది. ఊరంతా ఒక్కసారి మాట్లాడింది. నత్తల చెరువులవాళ్ళు తమ చెరువులు తీసుకోమన్నారు. కాయ పట్టినవాళ్ళు తమవి వద్దన్నారు. కర్రలు ఊగాయి, కాగితాలు గలగలమన్నాయి.

పక్షి గూట్లో లేచి నిలబడింది.

"ఆగండి," అంది ప్రొఫెసర్ ఫాన్. గట్టిగా అనలేదు. అయినా వినిపించింది.

పక్షి అరవైమందిని చూసింది. తరవాత వెనక్కి చూసింది. వెనక బదులు చిత్తడి ఉంది. అక్కడ నీళ్ళలో మనుషులు లేరు, గట్టు మీదున్న ఏడుగురూ తెగినచోటికి దూరంగా ఉన్నారు. అది తల వంచి, ఒక గుడ్డును ముక్కుకూ రొమ్ముకూ మధ్య ఇరికించుకుంది. వెనక్కి అడుగు వేసింది. ఇంకో అడుగు. పొడవాటి వేళ్ళు ఆకు మీద ఆకు వెతుక్కుంటూ, గట్టు తెగిన చోటువైపు వెనకనడక నడుస్తోంది.

"బెదిరితే మోసుకుపోతుంది," అంది ప్రొఫెసర్ ఫాన్ పెదాలతో. "పుస్తకాల్లో చదివాను. ముప్పై ఏళ్ళలో చూడలేదు."

"ఎవరైనా తుమ్మారో, చంపేస్తా," అంది ఆహియో అవతలి గట్టు మీద, అంతకన్నా మెల్లిగా.

మూడు మీటర్లకు ఆరు నిమిషాలు పట్టింది. గుడ్డు తెగినచోటు దాటింది. పక్షి దాన్ని అవతల ఒక ఆకుల గుత్తి మీద దొర్లించి, రెండోదాని కోసం తిరిగొచ్చింది. స్తంభాల మీద రైలు పోయింది. అది తల ఎత్తలేదు, రైలు దానికి అలవాటే. రెండో గుడ్డు దాటుతుండగా థియన్‌లోక్ ఛాతీ నిండా గాలి పీల్చాడు. ఆయన చేతికి ఏ వార్త దొరికినా ఊరికి చెప్పకుండా ఉండలేడు. ఆహియో ఆయన చేతిలోని మైకు లాక్కుని తన లాగులో దోపుకుంది.

మూడో గుడ్డు దాటాక జెంగ్ మోకాళ్ళ మీద ప్రొఫెసర్ దగ్గరికి పాకాడు.

"ఎన్ని గుడ్లుంటే గూడండీ?"

"ఒక్కటున్నా గూడే."

"అయితే పద్దెనిమిది నిమిషాలుగా మనకి పది ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే. నాలుగోది రానీ. తండ్రి కష్టపడుతుంటే మధ్యలో సంతకం పెట్టడం మర్యాద కాదు."

నాలుగోది వచ్చింది. పక్షి నాలుగింటినీ దగ్గరికి చేర్చుకుని, రెక్కలు సర్దుకుని, వాటి మీద కూర్చుంది. ప్రొఫెసర్ ఫాన్ గడియారం చూసి, కాగితం మీద పది అని రాసి, కింద సంతకం పెట్టింది. ఊరు అరవలేదు. అరిస్తే మళ్ళీ ఎటు మోసుకుపోతుందోనని భయం. అరవైమందీ చేతుల్లో ఉన్న కర్రలు పైకెత్తి, చప్పుడు లేకుండా ఊపారు. తుడుపు కర్ర కూడా ఊగింది. బున్‌తిక్ గట్టు మీద కూర్చుండిపోయాడు.

సంఘాన్ని ఊరు ఊరికే పంపలేదు. ఆహియో మిగిలిన గంజి వేడిచేసింది. ప్రొఫెసర్ ఫాన్ ఒక గిన్నె చాలంది. రెండు తాగింది. జెంగ్ మధ్యాహ్నమంతా గట్ల మీద తిరిగి, తను పెట్టిన చుక్కలు ఒక్కొక్కటే తుడిపేశాడు. నత్తల చెరువులవాళ్ళు అతని వెనకే నడుస్తూ, తమ చుక్క ఒక్కటి ఉంచమని బతిమాలారు.

మర్నాడు పండగ. పొద్దున్నే ఆహియో పంపరపనస ఒలిచి, గిన్నెలో పెట్టుకుని తూర్పుగట్టు మీదికి వచ్చింది. బున్‌తిక్ పక్కన కూర్చుంది. గట్టు మీద జనం లేరు, ఊళ్ళో కుంపట్లు రాజేసిన పొగ లేస్తోంది. ఇద్దరూ తొనలు తింటూ నీళ్ళకేసి చూస్తున్నారు. పక్షి లేచి నిలబడింది. అటూ ఇటూ చూసింది. అవతలి చెరువులో మనిషి లేడు. ఒక గుడ్డును ముక్కుకూ రొమ్ముకూ మధ్య ఇరికించుకుని, వెనకనడకన, గట్టు తెగిన చోటువైపు బయలుదేరింది.

నాలుగు గుడ్లూ ఆహియో చెరువులోకి తిరిగి చేరడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. పంపరపనస అయిపోయింది.

"ఆ మూల కాయ ఇంకా ముదరలేదులే," అంది ఆహియో. ఆ మూలే ముందు ముదిరింది. "రేపు వచ్చే ఆడవాళ్ళకి అటు పోవద్దని చెప్తా. నువ్వేమైనా చూశావా మరిదీ?"

"ఏం చూడలేదు వదినా."

పండగనాడు ఆఫీసుకు సెలవు.